సెకనుకు ఒక్క ఫ్రేము

సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీకి 25. ఈ ఒక్క ఫ్రేము తేడాను సర్దడానికి ఇవాళ ఎవరైనా నాలుగు లైన్ల స్క్రిప్టు రాసుకోవచ్చు. 2000లో ఫాబ్రీస్ బెలార్ మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉచితంగా దొరుకుతుంది. ఫోల్డరులోని ఫైళ్లన్నిటినీ వరసగా దానికి అందించి, 25 కావాలని చెప్పి పడుకుంటే తెల్లారేసరికి పని అయిపోతుంది. పని ఇంత తేలికైపోవడం వల్లే ఒక సంగతి మరుగున పడుతోంది. ఫ్రేమ్ రేటు మార్చే దారి ఒక్కటి కాదు. ఉన్న ఫ్రేములనే వేగంగా నడపవచ్చు, కొన్నిటిని రెండుసార్లు వెయ్యవచ్చు లేదా వదిలెయ్యవచ్చు, లేని ఫ్రేములను కంప్యూటరుతో పుట్టించవచ్చు. చాలామంది వీటిలో కంటికి నున్నగా కనిపించేదాన్ని ఎంచుకుంటారు. మార్చినదాని నుంచి అసలును మళ్లీ రాబట్టగలమా లేదా అన్నది ముందు చూడాలని నా వాదన.

రెండున్నర గంటల తెలుగు సినిమా తీసుకుందాం. అందులో 2,16,000 ఫ్రేములుంటాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఫ్రేమ్ రేటు చెప్పే ఆప్షన్ ‘డాష్ ఆర్’. ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందు రాస్తే దానికి ఒక అర్థం, తర్వాత రాస్తే మరో అర్థం. ముందు రాసి 25 అంటే, ఏ ఫ్రేము ఎప్పుడు పడాలో ఫైలులో రాసి ఉండే టైమ్‌స్టాంపులను పక్కనబెట్టి, ఉన్న ఫ్రేములనే సెకనుకు 25 చొప్పున పేర్చుకుంటూ పోతుంది. ఒక్కటి పోదు, ఒక్కటి చేరదు. బొమ్మ మాత్రం 144 నిమిషాల్లో అయిపోతుంది. శబ్దం ఈ ఆప్షన్‌కు పట్టదు కాబట్టి అది 150 నిమిషాలే ఉంటుంది. దాన్నీ అదే లెక్కన పరిగెత్తించకపోతే ఆఖరికి బొమ్మకూ మాటకూ మధ్య ఆరు నిమిషాల ఎడం వస్తుంది. అదే ఆప్షన్‌ను ఇన్‌పుట్ తర్వాత రాస్తే నిడివి మారదు, శబ్దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కానీ సెకనుకు ఒక ఫ్రేము రెండుసార్లు పడుతుంది, సినిమా మొత్తానికి 9,000 సార్లు. ప్రోగ్రాం దీన్నేమీ దాచదు. నడుస్తున్నంతసేపూ తెర అడుగు లైనులో ‘డప్’ అంటూ ఆ లెక్క పెరుగుతూనే ఉంటుంది, వదిలేసినవి ఉంటే పక్కనే ‘డ్రాప్’ అని కనిపిస్తుంది. రాత్రంతా స్క్రిప్టు నడిపేవాళ్లు ఆ లైను చూడరు.

మొదటి దారి కొత్తది కాదు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో టీవీ 25 ఫ్రేములకు స్థిరపడింది. 1982లో రంగుల్లోకి మారిన దూరదర్శన్ కూడా ఆ కుటుంబానికి చెందిన పాల్ పద్ధతినే తీసుకుంది. 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపెయ్యడం పాల్ దేశాల్లో మామూలే. దీని మీద గట్టి అభ్యంతరం చెవిది. వేగం నాలుగు శాతానికి పైగా పెరిగితే స్వరమూ పైకి జరుగుతుంది, అర శ్రుతికి కొంచెం తక్కువగా. ఘంటసాల పాటను రికార్డు మీద విని పెరిగినవాళ్లకు గొంతు పలచబడినట్టు తెలిసిపోతుంది. అసలు పాటతో కలిసిన హార్మోనియం మెట్టు దీంతో కలవదు, దాని పక్క మెట్టూ కలవదు. ఇది చిన్న నష్టమని నేననను. అయినా ఈ దారే మేలంటాను, ఎందుకంటే ఈ నష్టం శాశ్వతం కాదు. అదే నిష్పత్తితో వెనక్కి నెమ్మదింపజేస్తే పాట తన శ్రుతికి వస్తుంది, సినిమా 150 నిమిషాలకు వస్తుంది. బొమ్మను మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండా టైమ్‌స్టాంపులను మాత్రమే సాగదీసే వీలుంది కాబట్టి చిత్రంలో ఒక్క చుక్క కూడా చెదరదు.

రెండో దారిలో వచ్చే కుదుపు కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లలో బయటపడుతుంది. సెకనుకోసారి బొమ్మ ఆగినట్టై మళ్లీ కదులుతుంది. రెండుసార్లు పడిన ఫ్రేములను వెతికి తీసేసే ఫిల్టర్లున్నాయి కాబట్టి ఇదీ చాలావరకు బాగుపడేదే, కాకపోతే కదలిక లేని షాట్లలో అవి పొరబడతాయి. వదిలెయ్యడం మాత్రం వేరు. 60ని 30 చేస్తే సగం ఫ్రేములు పోయినట్టే, వాటిని ఏ ఫిల్టరూ తేలేదు.

మూడోదానికే ఇవాళ ఆదరణ ఎక్కువ. ముందు ఫ్రేమును, వెనక ఫ్రేమును చూసి నడుమ ఏం జరిగి ఉంటుందో ఊహించి కంప్యూటరు కొత్త ఫ్రేము గీస్తుంది. 24ను 25 చెయ్యమంటే, కొత్త ఫ్రేముల్లో సెకనుకు ఒక్కటే అసలు ఫ్రేము పడిన క్షణంతో కలుస్తుంది. మిగతా 24 క్షణాల్లో కెమెరా ఏమీ తీయలేదు కాబట్టి ఆ ఫ్రేములన్నీ ఊహించినవే. కూచిపూడి నర్తకి చెయ్యి ముఖం ముందు నుంచి చకచకా దాటేచోట ఆ ఫ్రేమును ఆపి చూడండి. వేళ్లు కరిగి చెంపలో కలిసిపోయి ఉంటాయి, ముద్ర పట్టిన వేలు ఏదో తెలియదు. టీవీలు చేసే ఇలాంటి నునుపుదనం మీద 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ వీడియో చేసి, దాన్ని ఆపేసుకోమని ప్రేక్షకులను కోరారు. టీవీలో సెట్టింగు ఆపితే సినిమా మళ్లీ మామూలుగా వస్తుంది. ఫైలులోకి ఎక్కించిన ఊహను ఆపే సెట్టింగు లేదు.

దర్శకుడు పీటర్ జాక్సన్ సంగతేమిటని అడగవచ్చు. 2018లో వచ్చిన ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ కోసం ఆయన మొదటి ప్రపంచ యుద్ధపు దృశ్యాలకు నడుమ ఫ్రేములు పుట్టించి 24కు తెచ్చాడు. చేత్తో తిప్పే కెమెరాలతో రకరకాల వేగాల్లో తీసిన ఆ సైనికులు అప్పటిదాకా తెర మీద గబగబా గెంతుతూ కనిపించేవారు. ఆయన చేతిలో మనుషుల్లా నడిచారు. ఇది నిజమైన మేలు, దాన్ని కాదనలేను. కానీ అసలు రీళ్లు బ్రిటన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియమ్స్ దగ్గర భద్రంగా ఉన్నాయి, రేపు ఎవరైనా అక్కడికి వెళ్లి వేరేలా చేసుకోవచ్చు. మన ఇళ్లలో పెళ్లి వీడియోకు ఆ భద్రత లేదు. హార్డ్‌డిస్కు నిండగానే ముందు తీసేసేది అసలు ఫైళ్లనే.

సాదా స్క్రిప్టుకు ఇన్ని జాగ్రత్తలు తగిలిస్తే అది సాదాగా ఉండదన్న మాటలో నిజముంది. అయితే కావలసినవి రెండు మూడు లైన్లే. కొత్త ఫైలును వేరే ఫోల్డరులో రాయించాలి. ఏ రేటు నుంచి ఏ రేటుకు, ఏ దారిలో మార్చామో ఫైలు పేరులోనే ఉండాలి. ఆ ‘డప్’, ‘డ్రాప్’ లెక్కను ఒక లాగ్ ఫైలులోకి మళ్లించాలి. మార్చేముందు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పాటే వచ్చే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌ను ఫ్రేమ్ రేటు అడిగితే అది రెండు అంకెలు ఇస్తుంది, ఒకటి ఫైలు టైమ్‌స్టాంపులను బట్టి కట్టిన రేటు, రెండోది సగటు. ఫోన్లతో తీసిన వీడియోల్లో ఈ రెండూ తరచు కలవవు, ఎందుకంటే వెలుతురు తగ్గినప్పుడు ఫోను తనంతట తానే ఫ్రేములు తగ్గించుకుంటుంది. అలాంటి ఫైలుకు ఒకే రేటు అంటూ లేదు, కాబట్టి ముందు రాసే ‘డాష్ ఆర్’ దానికి పనికిరాదు. ఆ ఫైలు దగ్గర స్క్రిప్టు ఆగి, పేరు రాసిపెట్టి, తర్వాతి దానికి వెళ్లాలి. దాన్ని ఏం చెయ్యాలో పొద్దున్న మనిషి చూసి తేల్చుకుంటాడు.