బటన్ ఎక్కడ పెట్టాలి?

పిల్లలు ఎక్కి నడిపే బ్యాటరీ కారు సీటు పైకి తీసి చూస్తే లోపల ఉండే సరంజామా చాలా తక్కువ. ఆరో పన్నెండో వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, వెనక చక్రాల దగ్గర ఒకటో రెండో చిన్న మోటార్లు, మోటారు వేగాన్ని తగ్గించి బలంగా మార్చే ప్లాస్టిక్ గేర్ల పెట్టె, ముందుకూ వెనక్కూ మార్చే మీట, కాలి కింద పెడల్. ఆ పెడల్ కూడా పేరుకే పెడల్. తొక్కితే మోటారుకు కరెంటు అందుతుంది, వదిలితే బండి ఆగుతుంది. అంతకు మించి దానికి పని లేదు, అది ఒట్టి స్విచ్చే. కాళ్లు సహకరించని పిల్లకు ఇంత కారూ దక్కకుండా పోవడానికి కారణం ఆ స్విచ్ పాదం కింద ఉండడమే.

అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఫిజికల్ థెరపీ ఆచార్యుడిగా పనిచేసిన కోల్ గాలోవే పట్టుకున్నది ఈ సంగతినే. అంతకు ముందు ఆయన, అప్పట్లో అక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడైన సునీల్ అగ్రవాల్‌తో కలిసి, నెలల పసివాళ్లు జాయ్‌స్టిక్ పట్టుకుని నడిపే రోబో బండ్ల మీద పనిచేశారు. దాని మీద 2008లో పరిశోధన పత్రం కూడా వచ్చింది. బండ్లు బాగానే నడిచాయి గానీ, మామూలు ఇంటివాళ్లు కొని తెచ్చుకునే వస్తువులు కావవి. అప్పుడు ఆయన చూపు బొమ్మల దుకాణం మీద పడింది. 2012లో షియాంగ్-హాన్ హువాంగ్‌తో కలిసి, బొమ్మ కారును ఎలా మార్చాలో వివరిస్తూ ఒక సాంకేతిక వ్యాసం ప్రకటించారు. ‘గో బేబీ గో’ పేరుతో ఆ పద్ధతి చాలా ఊళ్లకు పాకింది.

ఆడుకోవడానికే ఇంత శ్రమా అని ఎవరైనా అడిగితే 1963 నాటి ఒక ప్రయోగం చెప్పాలి. రిచర్డ్ హెల్డ్, అలన్ హైన్ రెండు పిల్లికూనలను ఒకే ఇరుసుకు అటూ ఇటూ కట్టారు. ఒకటి తన కాళ్లతో నడుస్తుంది, రెండోది తొట్టిలో కూర్చుని దాని వెంటే తిరుగుతుంది. కళ్లకు కనపడింది రెంటికీ ఒకటే. లోతు తెలుసుకుని అడుగు వేయడం మాత్రం నడిచిన కూనకే అబ్బింది. మన ఇళ్లల్లో నడవలేని బిడ్డను ప్రేమకొద్దీ ఎత్తుకునే తిప్పుతాం. ఆ ప్రేమను తప్పుపట్టడం లేదు. కానీ తనంతట తాను గోడ దాకా వెళ్లి గుద్దుకునే అవకాశం కూడా ఆ బిడ్డకు కావాలి.

ఇక పనితనం సంగతి. పెడల్ వైర్లను పైకి లాగి, అరచేయి కంటే వెడల్పైన బటన్‌కు కలిపి, స్టీరింగ్ మధ్యలో బిగిస్తారు. ఏ మూల తగిలినా నొక్కుకునే బటన్ అది. చెప్పడానికి ఇంతే. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న ప్రతివాడికీ ఇది పది నిమిషాల పనే అనిపిస్తుంది. అక్కడే ఒక చిక్కుంది. రిమోట్ లేని పాత రకం కార్లలో కొన్నింటికి పెడల్ స్విచ్‌లో మూడు కొసలుంటాయి. కాలు తీయగానే ఆ స్విచ్ బ్యాటరీని విడదీసి, మోటారు రెండు వైర్లనూ ఒకదానికొకటి కలిపేస్తుంది. ఇంకా తిరుగుతున్న మోటారు ఆ క్షణంలో జనరేటర్‌గా మారి, తాను పుట్టించిన కరెంటుతో తానే ఆగిపోతుంది. ఆ కారుకు బ్రేకు అదే. తెలియనివాడు రెండు వైర్లే బటన్‌కు కలిపితే కారు నడుస్తుంది, కానీ చెయ్యి తీసినా జారుకుంటూ పోతుంది. తెలిసినవాడు మధ్యలో ఒక రిలే (చిన్న కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టి మూడో కొసను కాపాడతాడు. దాంతో మోటారు లాగే పెద్ద కరెంటు బటన్ లోపలి చిన్న స్విచ్ గుండా పోయే బాధ కూడా తప్పుతుంది. రిమోట్‌తో వచ్చే కార్లలో పెడల్ నుంచి సర్క్యూట్ పెట్టెకు సంకేతం మాత్రమే వెళ్తుంది కనుక అక్కడ పని సులువు. ఏ కారైనా బ్యాటరీ పక్కన ఫ్యూజు, వెనక పెద్దవాళ్ల చేతికి అందేలా ఒక ఆఫ్ స్విచ్ ఉండి తీరాలి.

నన్ను ముగ్ధుణ్ణి చేసిన మార్పు ఇంకొకటి. బటన్‌ను సీటులో పెట్టి, దాని పనిని తలకిందులు చేశారు. పిల్ల కూర్చుంటే కారు ఆగుతుంది, లేచి నిలబడితే కదులుతుంది. కాళ్లకు బలం రావాల్సిన పిల్లకు వేరే వ్యాయామం చెప్పక్కర్లేదు, కారు కదలాలన్న ఆశే లేపి నిలబెడుతుంది. మెడ నిలపడం నేర్వాల్సిన పిల్లకైతే బటన్ తల వెనక్కి పోతుంది. వస్తువులు అవే, మారింది బటన్ చోటు. ఆ చోటు ఏదో తేల్చడానికి ఎలక్ట్రానిక్స్ చాలదు, పిల్ల ఒంటిని చదవడం తెలియాలి.

చుట్టూ కట్టే పంజరం పీవీసీ పైపులది, దాని మీద ఈత కొలనులో వాడే ఫోమ్ గొట్టాలు, వీపుకు పలకలు, నడుముకు పట్టీ. ఇక్కడ నేను ముందు చూసేది కోసిన పైపు అంచును ఆకురాయితో రుద్దారా లేదా, పైపులను కట్టిన ప్లాస్టిక్ జిప్ టైల మొనలు పిల్ల వైపు పొడుచుకొచ్చాయా లేదా అన్నదే. పైభాగం బరువెక్కితే బండి పక్కకు ఒరుగుతుంది కాబట్టి పంజరం తేలిగ్గా ఉండాలి.

ఇలాంటి కార్ల మీద సరదా పడే పెద్దవాళ్లు ఎక్కువ వోల్టుల బ్యాటరీ తగిలించి, వేగం చూసి మురిసి, చివరికి ప్లాస్టిక్ గేర్ల పళ్లు రాలగొట్టుకుంటారు. ఇక్కడ దారి వేరు. రెండు మోటార్లున్న కారులో వాటిని సిరీస్‌లో కలిపితే ఒక్కోదానికి సగం వోల్టులే అందుతాయి, బండి నెమ్మదిస్తుంది. మొదట ఎక్కే పిల్లకు ఆ నడక చాలు.

ఈ పని మన దగ్గరా చేయొచ్చు. హనుమకొండ జిల్లా హసన్‌పర్తి మండలంలో ఎర్రగట్టుగుట్ట ఎదుట కిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అనంతసాగర్‌లో ఎస్సార్ విశ్వవిద్యాలయం ఉంది. కిట్స్ వాళ్లు డ్రైవర్ లేకుండా నడిచే ట్రాక్టర్‌నే చేసి చూపించారు. ఆ చేతులకు బొమ్మ కారులో రిలే బిగించడం లెక్కలోది కాదు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మన మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో ఫిజియోథెరపీ శిబిరాలూ జరుగుతాయి. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోసం వెతుక్కునే విద్యార్థులు కారు కొనక ముందే అక్కడికి వెళ్లాలి. ఒక పిల్లను, ఆ పిల్ల తల్లిని, థెరపిస్టును కూర్చోబెట్టుకుని, బటన్ ఎక్కడ పెట్టాలో వాళ్లనే అడగాలి.