పలకకు తెలిసింది, నీటికి కావలసింది

ఈ వారం ఒక పరిశోధక విద్యార్థి చూపించిన గ్రాఫు నాకు పట్టలేనంత ఆనందమిచ్చింది. మార్కాపురం పలక ముక్కను ప్రోటాన్లతో కొడితే వెలువడిన ఎక్స్‌రేలవి. సిలికాన్, పొటాషియం, ఇనుము, దేని శిఖరం దానిదే. మనం అక్షరాలు దిద్దిన పలక తన పుట్టుకను తానే రాసుకున్నట్టుంది.

దూసుకొచ్చిన కణం పరమాణువు లోపలి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. పై కక్ష్యలోది ఆ ఖాళీలోకి దిగుతూ ఎక్స్‌రే వదులుతుంది. ఆ ఎక్స్‌రే శక్తిని బట్టి మూలకాన్ని గుర్తుపడతారు: ఇనుమైతే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రోటాన్‌కు బదులు ఆక్సిజన్ లాంటి బరువైన అయాన్ తగిలితే ఒక్కదెబ్బకు చాలా ఎలక్ట్రాన్లు పోతాయి. అప్పుడు వర్ణపటంలో ఆ మూలకపు గీత, అంటే గ్రాఫులోని శిఖరం, కాస్త పైశక్తి వైపు జరిగి వెడల్పవుతుంది. ఆ జరుగుడును చదవడంలోనే ఉంది పనితనమంతా.

గీతల ప్రస్తావన వస్తే నేను స్వామి జ్ఞానానందను తలుచుకోకుండా ఉండలేనని పాఠకులకు తెలుసు. 1896లో గొరగనమూడిలో పుట్టిన ఆ సన్యాసి హిమాలయాల్లో తపస్సు చేసి, ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధించారు. లివర్‌పూల్‌లో భౌతిక శాస్త్రవేత్త చాడ్విక్ దగ్గర పనిచేశారు. చివరికి విశాఖ చేరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. కొలత లేనిదే మాట వద్దనే నా పట్టుదలకు ఆయనే ఆదర్శం.

అందుకే మన మార్కాపురం వైపు బోరు నీళ్లనూ ఇలా పరీక్షిస్తే బాగుండుననిపించింది. కానీ మన ఎముకలను వంచే ఫ్లోరిన్ ఈ పద్ధతికి మామూలుగా చిక్కదు. దాని ఎక్స్‌రే శక్తి 0.68 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. డిటెక్టర్ ముందుండే బెరీలియం రేకే దాన్ని మింగేస్తుంది. కేంద్రకం వదిలే గామా కిరణాలను పట్టుకుంటే తెలుస్తుంది గానీ, నీళ్లకు అంత దూరం పోనక్కర్లేదు. రంగు మారే రసాయనపు కిట్టు చాలు.

అసలు ఇక్కడ కొలవడానికి మిగిలిందేమిటి? ఇప్పటి ప్రకాశం జిల్లాలో కొంత భాగం నెల్లూరు జిల్లాలో ఉన్న కాలంలోనే, 1937లో, అక్కడి ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరిన్ తెచ్చే ఆ ఎముకల జబ్బు, వైద్య పత్రికకెక్కింది. తాగే నీళ్లలో ఫ్లోరిన్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దూ అందరికీ తెలుసు. తెలిసిన రోగానికి మళ్లీ మళ్లీ నమూనాలు తీయడం కాలయాపనే. నా పాత పట్టుదలను ఇక్కడ పక్కన పెడుతున్నాను. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా కృష్ణా నీళ్లు గిద్దలూరు, మార్కాపురం పల్లెల కుళాయిలకు ముందు చేరాలి. చేరాక ప్రతి ఏడాదీ కొలవమని నేనే అడుగుతాను.