కోలరవ్వ, తోడురవ్వలు

ఆభరణమును గూర్చి విమర్శ వ్రాయుట మనలో వాడుక కాదు. కావ్యమును, గానమును, నాటకమును తూచి చూతుము. వీనికంటె పదింతలు రొక్కము వెచ్చించి కొను నగను మాత్రము "బాగున్నది" అను ఒక్క మాటతో విడిచిపెట్టుదుము. నగ కూడ ఒక రచనయే. దానికిని ప్రధానరసమును, అంగరసములును గలవు. వాని పొత్తు కుదిరినదా లేదా యని విచారించుట మన ప్రవాసాంధ్ర కుటుంబములలో పెండ్లిమాటలు జరుగుచున్న యిండ్లవారికైనను పనికివచ్చునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పూర్వము ప్రధానమునకు చీర, పసుపు కుంకుమలు, శక్తికొలది ఒక బంగారు నగ చాలియుండెను. ఉంగరములు మార్చుకొనుట మన క్రైస్తవ కుటుంబములలో ముందునుండియు గలదు. తక్కిన యిండ్లలో పెక్కింటికి తరువాత వచ్చినది. వచ్చిన ఆచారమును తప్పుపట్టను. ఇప్పుడు ముంబయి ఝవేరీ బజారులోనైనను, చెన్నై త్యాగరాయనగరములోనైనను పిల్లలు అడుగుచున్నది తఱచుగా కోలరాయి. దాని ప్రక్కలను కనబడీ కనబడనట్లు చిన్న రవ్వలుండవలె నందురు. ఈ కోరికను పెద్దలు పరదేశపు మోజని త్రోసివేయుట నాకు సమ్మతము కాదు.

కోలతనము మనకు క్రొత్త యందము కాదు. కోలమొగము, కోలకన్నులు అని మెచ్చుకొనిన భాష మనది. లోకమున మిక్కిలి పేరొందిన కోలరవ్వయు మన సీమదే యని పరంపరగా చెప్పుదురు. కృష్ణయొడ్డున కొల్లూరు గనులలో పుట్టినదనబడు కోహినూరు 1849లో ఆంగ్లేయుల వశమైనది. 1851లో లండను ప్రదర్శనమున దానిని చూచినవారు మెఱుపు చాలదని పెదవి విఱిచిరి. మరుసటి యేడు ఆమ్‌స్టర్‌డామునుండి వచ్చిన పనివారు దానిని మరల సానపట్టిరి. నేటి తూనికలో సుమారు 190 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు దిగి, కోలయై వెలువడినది. కాంతి కొఱకు సగమునకు కొంచెము తక్కువ బరువును వదలుకొనిరన్నమాట. ఆ బేరము న్యాయమైనదా యని నేటికిని వాదించువారు గలరు. నేడు అంగళ్ళలో దొరకు కోలచెక్కడమును మాత్రము లజారే కప్లాన్ అను వజ్రశిల్పి 1957లో రూపొందించెను.

ఇక గుణదోషములు. కోలరాయి వ్రేలిని పొడవుగా చూపును. ఇది నిజమైన గుణము. అదే బరువునకు గుండ్రని దానికంటె ఎంతో పెద్దదిగా కనబడునని వర్తకులు చెప్పుమాట మాత్రము గుమాస్తాపని చేసిన నా లెక్కకు పూర్తిగా నిలువలేదు. ఒక క్యారెట్టు గుండ్రని రాయి అడ్డుకొలత సుమారు 6.5 మిల్లీమీటర్లు, అదే బరువు కోలరాయి పొడవు 7.7, వెడల్పు 5.7 ఉండవచ్చును. వైశాల్యము లెక్కకట్టిన నూటికి నాలుగు పాళ్ళే హెచ్చు. పెరిగినది పొడవు, దానితో కంటి భ్రమ. భ్రమకు వెల పెట్టుట తప్పు కాదు గాని, భ్రమ యని తెలిసి పెట్టవలెను.

పెద్ద దోషము నడుమ పడు నీడ. వర్తకులు దీనిని బోటై యందురు. మనవారికి డమరుకము వలె ననిన చక్కగా తెలియును. కోలరాయిలో ఆ నీడ కొంచెమైనను ఉండును. రాయి కదలినప్పుడు అది విఱిగి వెలుగులో కలిసిపోయిన మంచి చెక్కడము; ఎటు త్రిప్పినను నల్లగా నిలిచియున్న రాయి చచ్చిన రాయి. ఈ సంగతి ధ్రువపత్రమున దొరకదు, కంటికే దొరకును. మన ముసలమ్మలు కాకపాదము, బిందువు, రేఖ యని వెదకినట్లే దీనిని వెదకవలెను. పొడవు వెడల్పునకు ఒకటింబావు కంటె తక్కువైనచో బొద్దుగా, ఒకటిన్నర దాటినచో సన్నగిల్లి తోచును. నా కంటికి ఒకటిన్నరకు కొంచెము లోపు అందము.

తోడురవ్వల విషయమున నేటి అభిరుచి రెండు విధములుగా నడచుచున్నది. ఒకటి రాయిచుట్టు రవ్వల వలయము, దానిపై ఉంగరపు కమ్మీ యంతయు రవ్వలు. ఇది పక్కవాద్యము పాటను మింగివేసిన కచేరి. కోల యంచు కోల యంచుగా కనబడనిచో కోలరాయి కొననేల? అదిగాక కమ్మీపై పొదిగిన ఒక మిల్లీమీటరు రవ్వ సెంటులో సగము తూగును. దానిని పట్టియుంచు బంగారము వెండ్రుకవాసి. అంట్లు తోము చేతికి అది నిలువదు. రెండవది ప్రక్కకొకటిగా రెండు రవ్వలు. రణజిత్‌సింగు కోహినూరును ధరించిన బాజుబందులో ఈ కూర్పే యున్నది. నడుమ పెద్దరాయి, ఇరుప్రక్కల రెండు చిన్న వజ్రములు. మహారాజున కది చాలినప్పుడు మన అమ్మాయికి చాలకపోదు. ఒక క్యారెట్టు రాయికి ప్రక్కకు ఐదు సెంట్ల రవ్వ యొకటి సరిపోవును. రంగు మాత్రము కలియవలెను. తెల్లని రవ్వల నడుమ పెద్దరాయి పసుపుడాలు వెంటనే బయటపడును.

ఇక్కడనే యిండ్లలో తగవు పుట్టుచున్నది. అమ్మమ్మ ఏడురాళ్ళ కమ్మలు విప్పించి, అందు రెండు రవ్వలు ఉంగరమునకు పొదిగింతమని ఒకరు. కమ్మలు ముట్టరాదని వేరొకరు. నా తీర్పు స్పష్టము. నిండుగా నున్న నగను విప్పరాదు. ఏడింటిలో రెండు తీసిన మిగిలినది నగ కాదు, విడిరాళ్ళు. పాతకాలపు చెక్కడము వేరు, నేటి కోలరాయి మెఱుపు వేరు. రెండును ప్రక్కప్రక్కల నున్నప్పుడు పాతది మాసినట్లు కనబడి, అమ్మమ్మ నగకే చిన్నతనము వచ్చును. జతపోయి పెట్టెలో పడియున్న ఒంటికమ్మ రాళ్ళైనచో రంగు సరిచూచి నిరభ్యంతరముగా వాడవచ్చును.

ప్రయోగశాలలో పెంచిన వజ్రమును కొందఱు నకిలీ యందురు. అది సరికాదు, పదార్థ మొక్కటే. వెల చాల తక్కువ, మరల అమ్మబోయిన వచ్చునదియు తక్కువే. ఏది కొనుచున్నారో ఇరుపక్షముల పెద్దలకు ముందే చెప్పిన చాలును. చీటీలో రాళ్ళ లెక్క, ఒక్కొక్కదాని సెంట్లు వేఱుగా వ్రాయించుకొనవలెను. క్యారెట్టు రాయి 200 మిల్లీగ్రాములు. దానిని బంగారపు తూనికనుండి తీసివేసిరా లేదా చూడవలెను. 18 క్యారెట్ల బంగారమనగా నూటికి 75 పాళ్ళు. హాల్‌మార్కుతో పాటు ఆఱక్షరముల గుర్తు 2023 ఏప్రిలు 1 నుండి తప్పనిసరి. ఇవన్నియు ముగిసిన పిమ్మట ఉంగరమును అంగడి దీపములక్రింద గాక, గుమ్మము దాటి నీడపట్టున పగటి వెలుతురులో అమ్మాయి వ్రేలికి తొడిగి, ఆమెను చేయి కదల్పుమని చెప్పి, ఆ డమరుకపు నీడ ఏమగునో చూడవలెను.