సర్కారు కాగితంలో రంప గొంతు

రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఏ బడికి వెళ్లినా అల్లూరి సీతారామరాజు తెలియని పిల్లవాడు కనబడడు. విగ్రహం చూశాడు, సినిమా చూశాడు, పంద్రాగస్టుకు విల్లు పట్టుకుని ఆ వేషమూ వేసి ఉంటాడు. అదే పిల్లవాణ్ణి అల్లూరికి నలభై ఏళ్ల ముందు ఇవే కొండల్లో ఏం జరిగిందని అడగండి. 1879 మార్చిలో చోడవరం దగ్గర మొదలైన రంప తిరుగుబాటును అణచడానికి మద్రాసు కాల్బలంలో ఆరు రెజిమెంట్ల నుంచి సిపాయిలను దించారు. సాపర్లు వచ్చారు, హైదరాబాద్ కంటింజెంటు నుంచి కూడా బలగాలు వచ్చాయి. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ఆనాటి నాయకులు. వాళ్ల మీద సినిమా రాలేదు. వాళ్ల సంగతి ఉన్నదల్లా కాగితాల్లోనే.

ఆ కాగితాలు తక్కువేమీ కాదు. కలెక్టర్ల ఉత్తరాలున్నాయి, రెవెన్యూ బోర్డు దస్త్రాలున్నాయి, తిరుగుబాటు మీద విచారణకు వచ్చిన అధికారి సల్లివన్ నివేదిక ఉంది. వాటి సారం 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీరులోకి ఎక్కింది. మద్రాసు రాజధాని దస్త్రాలకు పెద్ద ఇల్లు చెన్నై ఎగ్మూరులోని పాత రికార్డు ఆఫీసు. చిక్కల్లా ఒకటే. వీటిలో దాదాపు ప్రతి పంక్తీ తిరుగుబాటును అణచినవాళ్లు రాసిందే. అందుకే వీటిని పిల్లలకు చూపించకూడదని కొందరు అంటారు. అందుకే చూపించాలని నేనంటాను. తన తాతల గురించి ఎదుటిపక్షం ఏం రాసుకుందో చదివి, అందులోంచి తాతల మాట వెతికి తీయడం కొండపిల్లలు నేర్చుకోవలసిన విద్య.

ఈ విద్యకు పద్ధతి ఉంది. అమెరికాలో శామ్ వైన్‌బర్గ్ అనే పరిశోధకుడు 1991లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఎనిమిది మంది చరిత్రకారులకూ, ఎనిమిది మంది హైస్కూలు విద్యార్థులకూ ఒకే పత్రాలు ఇచ్చి, చదువుతూ మనసులో అనుకునేది పైకి చెప్పమన్నాడు. విద్యార్థులు మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుకుపోయారు. చరిత్రకారుల చూపు ముందు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నదాని మీదికి పోయింది. పత్రం చదవడంలో మొదటి మెట్టు అదే. ఎవరు, ఎవరికి, ఎందుకు రాశారు? కింది అధికారి పై అధికారికి రాసే ఉత్తరంలో తన తప్పు ఎంతవరకు ఒప్పుకుంటాడు? పంచాయతీ ఆఫీసులో అర్జీ రాయించుకున్న ఇంటి పిల్లలకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

కల్లు గీత మీద వేసే చిగురుపన్ను సంగతే తీసుకుందాం. జీలుగు కల్లు ఈ మన్యంలో తిండితో సమానం. 1870ల చివర కొత్త అబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా ఆంక్ష పెట్టాయి. సర్కారు కింద రంపను ఏలే దొర, అంటే మన్సబుదారు, ఆ వంకన పన్ను పెంచబోయాడు. దీనికి తోడు, కొండవాళ్లకు తెలియకుండానే మైదానపు కోర్టుల్లో షావుకార్లు ఏకపక్ష డిక్రీలు తెచ్చుకుని పశువులనూ పంటనూ జప్తు చేయించేవారు. గెజిటీరులో ఇదంతా ఉంది. అయితే నింద ఎక్కువ పాలు మన్సబుదారు మీద పడుతుంది. అబ్కారీ నిబంధన చేసిందెవరో అక్కడే ఉంటుంది గానీ, నేరంగా కాదు, సమాచారంగా. ఆ రెండు వాక్యాల మధ్య తేడాను ఎనిమిదో తరగతి పిల్లవాడు పట్టుకుంటే ఆ రోజు పాఠం అయిపోయినట్టే.

రెండో మెట్టు, ఒక కాగితం పక్కన ఇంకోటి పెట్టడం. తిరుగుబాటు అణిగాక మన్సబుదారును తప్పించి, ముఠాలనే ఊళ్ల గుంపులకు పెద్దలైన ముఠాదారులకు సర్కారే నేరుగా సనదులు, అంటే హక్కు పత్రాలు, ఇచ్చింది. కట్టుబడి అనే నిర్ణీత కప్పం చెల్లించాలి, తన ముఠాలో శాంతి కాపాడాలి అన్నవి షరతులు. ఆ సనదు పక్కన గాం గంటందొర కథ పెట్టండి. బట్టిపనుకుల ముఠాదారీ పోగొట్టుకున్న ఆయన 1922లో అల్లూరి పక్కన నిలిచాడు. శాంతి కాపాడమన్న పదవి తుపాకీ దాకా ఎలా వెళ్లింది? జవాబు కోసం నర్సీపట్నం-చింతపల్లి రోడ్డు పని కాగితాలు వెతకాలి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేయించిన వెట్టి వెతకాలి.

అల్లూరి ఘట్టంలో మరో అరుదైన వస్తువు దొరుకుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేసి, పట్టుకెళ్లిన ఆయుధాల జాబితాను స్టేషన్ పుస్తకంలో తానే రాసి సంతకం పెట్టాడాయన. సర్కారు పుస్తకంలో తిరుగుబాటుదారు స్వదస్తూరీ! ఇక 1924 మే 7న కొయ్యూరులో జరిగిందానికి రెండు కథనాలున్నాయి. తప్పించుకోబోతుంటే కాల్చామని సర్కారు రాసుకుంది. చెట్టుకు కట్టి కాల్చారని జనం చెబుతారు. వెంటనే తీర్పు చెప్పే మాస్టారు పాఠం పాడుచేస్తాడు. ఎవరు దగ్గరున్నారు, ఏ కథనం ఎవరికి అవసరం, చేతులకు కట్లున్న మనిషి పారిపోగలడా అని పిల్లలనే వాదించుకోనివ్వాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కాగితాల జత అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరది. ఒక దస్త్రంలో ఆయన మరణశిక్ష పడ్డ ఖైదీ. అది ద్వీపాంతరవాసంగా మారి అండమాన్ వెళ్లాడు. ఇంకో దస్త్రంలో, 1952 మొదటి లోక్‌సభలో, విశాఖపట్నం సభ్యుడు. ఒకే మనిషి, రెండు సర్కార్లు.

ఇక తరగతిలో సాధకబాధకాలు. పాత ఇంగ్లీషు గొలుసుకట్టు దస్తూరీ పిల్లలకే కాదు, టీచర్లకూ కొరుకుడు పడదు. అందుకని అసలు పేజీ ఫొటో ఒకటి, అచ్చులో ఎత్తిరాసింది ఒకటి, తేలిక తెలుగులో ఒకటి, మూడూ కలిపి ఇవ్వాలి. ఒక పూటకు పది పంక్తులు చాలు. పీరియడుకు ఇరవై పేజీలు పంచితే పిల్లలు చరిత్రను ద్వేషిస్తారు, తప్పు వాళ్లది కాదు. కాగితంలో లేనిది కూడా అడిగించాలి. ఆడవాళ్లేరి? రోడ్డు పనికి వెళ్లిన కూలీల పేర్లేవి? అక్కడ దస్త్రం మూసి, ఊళ్లో పెద్దల దగ్గరికి వెళ్లాలి. కొండరెడ్లది తెలుగే కాబట్టి పిల్లలు చెవులారా విని రాసుకోగలరు. పెద్దలు చెప్పింది కూడా సాక్ష్యమే. దాన్నీ ఎవరు, ఎప్పుడు, ఎందుకని అడగాల్సిందే, ముసలాయన మీద గౌరవం ఉన్నా సరే.

పరీక్షలో దీనికి మార్కులు రావన్నది నిజమే. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో అల్లూరి నడిపిన గూడెం కొండల తిరుగుబాటుకు దక్కింది కొద్దిపాటి చోటు. ఆ కొద్దిపాటి చోటు చదివే రోజునైనా ఒక్క అసలు పత్రం బల్ల మీద ఉంటే చాలు.

ఆర్కైవ్స్ వారు రంప దస్త్రాల్లోంచి ఓ యాభై పేజీలు ఎంచి, ఎత్తిరాయించి, తెలుగు చేయించి మన్యంలోని ఆశ్రమ పాఠశాలలకు పంపాలి. అది పెద్ద ఖర్చు పని కాదు. ఈలోగా కొండల్లో ఉన్నవారికి ఒక మనవి. ఇంట్లో ముఠాదారీ సనదో, పాత శిస్తు రసీదో, పట్టానో ఉంటే చెదలకు వదలకండి. ఫొటో తీసి మీ ఊరి బడికి ఇవ్వండి, అసలు కాగితం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.