ఇంజన్‌కి పట్టిన చెమట

విజయవాడ ఆటోనగర్‌లో పాత కారు బానెట్ ఎత్తితే ట్యాపెట్ కవర్ అంచున నల్లటి తడి కనిపించడం మామూలే. కుర్ర మెకానిక్కయితే వెంటనే గ్యాస్కెట్ మార్చేద్దామంటాడు. చెయ్యి తిరిగిన మేస్త్రీ ముందు గుడ్డ అడుగుతాడు.

తడి కనిపించిన చోటే పుట్టిందని ఆయన నమ్మడు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి పరుగులో గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే ఆయిల్ ఛాంబర్ కింద చుక్క చూసి కూడా టార్చి పైకే వేస్తాడు. అన్నిటికన్నా ఎత్తున, ముందువైపు తడి ఎక్కడుందో వెతుకుతాడు. అదంతా శుభ్రంగా తుడిచి, డిప్‌స్టిక్ మీద మట్టం గుర్తుపెట్టుకుని, "నాలుగు రోజులు తిప్పి తీసుకురండి సార్" అంటాడు. పైసా బిల్లు రాయని ఆ మాటే ఆయన పనితనంలో నాకు బాగా నచ్చేది.

దుమ్ము పట్టిన జిడ్డు మళ్లీ పల్చగా వచ్చి, మట్టం తగ్గకపోతే అది ఉత్త చెమట. వేడికి రబ్బరు గట్టిపడ్డ పాత ఇంజన్‌కి అది సహజం. బోల్టులు బిగిస్తే పోతుందనుకుంటారు గానీ, అతిగా బిగిస్తే కవర్ వంగి ఇంకా కారుతుంది. చాలాచోట్ల ఒకేసారి తడి వస్తే ఆయన చూసేది బ్రీదర్ పైపు: అది పూడుకుపోతే లోపలి ఒత్తిడి సీళ్ల సందుల్లోంచి ఆయిల్‌ను బయటికి తోస్తుంది.

కాలిన వాసన వస్తే మాత్రం ఆయన ముఖం మారుతుంది. కాగే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడే ఆయిల్ కొంచెమైనా మంట పెట్టగలదు. టైమింగ్ బెల్టు తడిసినా, క్లచ్ జారుతున్నా అంతే. బండి అక్కడే వదిలేసి ఆటోలో ఇంటికెళ్లమంటాడు.