బాటిల్‌కు తగిలే ఎండ

నైట్రస్ ఆక్సైడ్‌తో పనిచేసే మెకానిక్‌కు బాగా గుర్తుండాల్సిన అంకె 36.4. వేడి అన్ని డిగ్రీల సెల్సియస్ దాటిందంటే ఎంత ఒత్తిడిలో బిగించినా ఈ వాయువు ద్రవంగా నిలవదు. ఊటీలో ఉండేవాళ్లకు ఇది పాఠ్యపుస్తకంలో చదివి మరిచిపోయే సంగతి. కృష్ణగిరి జిల్లా కావేరిపట్టణంలో మరిచిపోతే కుదరదు. దక్షిణ పినాకిని ఒడ్డునున్న ఈ ఊళ్లో మామిడికాయలు ముదిరే రోజుల్లో నీడలోనే ఆ వేడి వచ్చేస్తుంది. ఇక ఎండలో ఆపిన మోటార్‌సైకిల్ తోకకు బిగించిన బాటిల్ సంగతి వేరే చెప్పాలా?

ఈ పక్క కుర్రాళ్లకు ఇంజన్ల మీద మోజు ఊరికే రాలేదు. టీవీఎస్ 50 మోపెడ్ 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. అపాచీ ఆర్ఆర్ 310, దాని తోబుట్టువు బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ తయారైందీ అక్కడే. షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చిన పెద్దవాళ్ల నోట కంప్రెషన్, టైమింగ్ అన్న మాటలు వింటూ పెరిగిన పిల్లలు ఇక్కడ చాలామంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే వాక్యంలో కలిసిపోయే షెడ్లలో నైట్రస్ ముచ్చట రాకుండా ఉండదు. వచ్చేది మాత్రం ఎక్కువగా సినిమా దారిలోనే. 2001లో ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ విడుదలయ్యాక కుర్రకారు మనసులో ఒక బొమ్మ పడిపోయింది: ఎర్ర బటన్ నొక్కు, బండి రాకెట్ అయిపోతుంది. ఆ బొమ్మలో లేనిదల్లా బటన్ నొక్కక ముందు చేయాల్సిన పని. ఈ విద్యలో అసలు నేర్పంతా అక్కడే ఉంది.

నైట్రస్ తనంతట తాను మండదు. పెట్రోలు మండటానికి ఆక్సిజన్ మోసుకొస్తుంది. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమైతే, నైట్రస్ బరువులో 36 శాతం. ఇంజన్ లోపల దాదాపు 300 డిగ్రీలు దాటిన వేడికి దాని అణువు విరిగి ఆ ఆక్సిజన్ బయటపడుతుంది. పైగా అది మైనస్ 88 డిగ్రీల దగ్గరే మరిగే పదార్థం కాబట్టి, బాటిల్ నుంచి ద్రవంగా వచ్చి ఇన్‌టేక్‌లో ఆవిరయ్యేటప్పుడు లోపలికెళ్లే గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి చిక్కబడుతుంది. వచ్చిన ఆక్సిజన్‌కు సరిపడా పెట్రోలు కూడా అదే క్షణంలో అందాలి. వెట్ సిస్టమ్‌లో నైట్రస్‌నూ పెట్రోలునూ ఒకే నాజిల్ చిమ్ముతుంది. డ్రై సిస్టమ్‌లో నైట్రస్ ఒక్కటే వస్తుంది, అదనపు పెట్రోలు బాధ్యత ఇంజెక్టర్లది. దారి ఏదైనా పెట్రోలు తగ్గిందంటే మంట వేడి మితిమీరి పిస్టన్ నడినెత్తిన బొక్క పడుతుంది.

1772లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఈ వాయువును వేరుచేశాడు. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు తన పన్ను పీకించుకోవడానికి దీన్ని పీల్చాడు. ఇంజన్లలోకి గట్టిగా వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. ఎనిమిది వేల మీటర్ల పైన గాలి పలచబడి జర్మన్ యుద్ధవిమానాల బలం తగ్గిపోతుంటే, జీఎం-1 అనే ఏర్పాటుతో వాటి ఇంజన్లకు నైట్రస్ అందించారు. మామూలు జనం కొనుక్కోగలిగే కిట్లుగా అమ్మకానికి పెట్టిన కంపెనీల్లో ప్రసిద్ధమైన ఎన్ఓఎస్ 1978లో అమెరికాలో పుట్టింది.

విమానాల కథకూ ఈ జిల్లాకూ ఒక చుట్టరికం ఉంది: ఎత్తు. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల మీద ఉంటుంది. జాతీయ రహదారి 44 మీద శూలగిరి, కృష్ణగిరి దాటి కావేరిపట్టణం చేరేసరికి వెయ్యి అడుగులకు పైగా దిగుతాం. దిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. నైట్రస్, పెట్రోలు ఎంతెంత పోవాలో నిర్ణయించే సన్నని రంధ్రం, అంటే జెట్టు, సైజు లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే.

బాటిల్‌లో ద్రవం ఉన్నంతసేపు లోపలి ఒత్తిడిని నిర్ణయించేది వేడి ఒక్కటే. 20 డిగ్రీల దగ్గర అది 730 పీఎస్ఐ చిల్లర. 30 డిగ్రీలకు 900 దాటుతుంది. 35కు వెయ్యి దాటుతుంది. చాలా కిట్ల జెట్లను 900 నుంచి 1000 మధ్య ఒత్తిడికి లెక్కకట్టి ఇస్తారు. హోసూరులో తెల్లవారుజామున చలిలో బండి సరిచేసుకున్నాడనుకోండి. అప్పుడు నైట్రస్ తక్కువగా వస్తోంది, బండి కాస్త మందంగా ఉంది. చాలడం లేదని పెట్రోలు జెట్టు తగ్గిస్తాడు, ఊపు వస్తుంది. మధ్యాహ్నానికి అదే బండి కావేరిపట్టణం చేరుతుంది. నైట్రస్ ఒత్తిడి పెరిగింది, పెట్రోలు పంపు ఒత్తిడి మాత్రం ఎప్పటిదే. పొద్దున సరిపోయిన పెట్రోలు ఇప్పుడు చాలదు. మెకానిక్ తప్పేమీ కనబడదు, బోల్టు ఏదీ వదులవలేదు, అయినా పిస్టన్ కరిగింది. తప్పు థర్మామీటర్ చూడకపోవడంలో ఉంది. అందుకే ఈ పని తెలిసినవాళ్లు బాటిల్ పక్కనే ఒత్తిడి చూపే గేజ్ బిగించుకుంటారు. గేజ్ చూడకుండా జెట్టు మార్చరు. వేడెక్కితే తడిగుడ్డ చుడతారు. చలిలో ఒత్తిడి పెంచాలంటే థర్మోస్టాట్ ఉన్న హీటర్ దుప్పటి వాడతారు. మంట చూపించి వేడిచేయడమంటే చావును పిలవడమే.

గేజ్ చెప్పనిది కూడా ఒకటుంది. ఎంత మిగిలిందో అది చెప్పదు. ద్రవం ఆఖరి బొట్టు ఆవిరయ్యేదాకా ముల్లు దాదాపు ఉన్నచోటే ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్లకు ఇది పాత పాఠం. నైట్రస్ సిలిండర్‌ను వాళ్లు కొలిచేదీ బరువుతోనే. షెడ్డులో చేయాల్సిందీ అదే, కాటా వేయడం. ఖాళీ బాటిల్ బరువును మెడ మీద రాసిపెట్టుకుని, నింపిన ప్రతిసారీ, వాడిన ప్రతిసారీ తూచాలి. మోటార్‌సైకిల్ మీద పట్టేది చిన్న బాటిల్, రెండు పౌండ్లు, అంటే 900 గ్రాముల చిల్లర. 50 హార్స్‌పవర్ అదనంగా ఇచ్చే షాట్‌కు అది మొత్తం మీద ముప్పై నలభై సెకన్లు వస్తుంది. బాటిల్‌కు నిర్దేశించిన నింపుడు బరువును మించి ఒక్క గ్రాము కూడా ఎక్కించకూడదు. ద్రవం వేడికి ఉబ్బేటప్పుడు పైన ఖాళీ లేకపోతే ఒత్తిడి అడ్డూఅదుపూ లేకుండా పెరుగుతుంది. అప్పుడు పగలాల్సింది వాల్వులోని సేఫ్టీ డిస్క్. దాని బదులు బోల్టు బిగించి మూసేసిన బాటిల్ ఎక్కడ కనబడినా ఆ షెడ్డు నుంచి బయటికి నడవడం మంచిది.

ఓపిక ఉన్న మెకానిక్ పనితనం చూడాలంటే అతను స్పార్క్ ప్లగ్ చదివేటప్పుడు చూడాలి. కొత్త ప్లగ్ వేస్తాడు, మామూలు కన్నా ఒక మెట్టు చల్లటి రకం. చిన్న జెట్టుతో ఒక్క పరుగు తీస్తాడు. గీత దాటగానే ఇంజన్ కట్ చేసి, క్లచ్ పట్టుకుని బండిని దొర్లనిస్తాడు, ఐడిల్ మసి ప్లగ్ మీద పడకుండా. తర్వాత ప్లగ్ విప్పి భూతద్దం కింద పెడతాడు. పింగాణీ మీద మిరియపు పొడిలా నల్లటి చుక్కలుంటే లోపల డెటొనేషన్ మొదలైనట్టు. వెండిలా మెరిసే సన్నని రవ్వలుంటే అది పిస్టన్ అల్యూమినియమే కరిగి ఎగిరి అంటుకున్నది. ఆ రోజుకు పరుగులు అక్కడితో ఆపేస్తాడు. పెట్రోలు పెంచి, ఇగ్నిషన్ టైమింగ్ ఇంకాస్త వెనక్కి జరిపి మళ్లీ మొదలు. ప్రతి 50 హార్స్‌పవర్‌కు రెండు డిగ్రీల రిటార్డ్ అన్నది చాలాచోట్ల వాడే లెక్క, అది కూడా ఆరంభానికి మాత్రమే. ప్లగ్ చదవగలిగిన కన్ను ముందు ఏ ఖరీదైన కిట్టూ గొప్పది కాదన్నది ఈ కాలమ్ గట్టి అభిప్రాయం.

మిగతా నిర్వహణంతా శుభ్రత మీద ఆధారపడింది. బటన్ నొక్కినప్పుడు నైట్రస్‌ను వదిలే సొలినాయిడ్ లోపలి సీలు అరిగితే వాల్వు తెరిచిన బాటిల్ నుంచి నైట్రస్ కొద్దికొద్దిగా ఇన్‌టేక్‌లోకి కారుతుంది. తెలియక స్టార్టర్ నొక్కితే ఎయిర్‌బాక్స్ పేలుతుంది. నాజిల్ వైపు గొట్టాన్ని విప్పి గ్లాసు నీళ్లలో ముంచితే బుడగలు ఇట్టే చెప్పేస్తాయి. ఫ్లేర్ ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. దాని పోగొకటి ఊడి పెట్రోలు జెట్టులో ఇరుక్కుంటే చాలు, కొంప మునుగుతుంది. ఫుల్ థ్రాటిల్ స్విచ్, ఆర్పీఎం స్విచ్ లేకుండా ఒట్టి బటన్‌తో నడపకూడదు. తక్కువ ఆర్పీఎంలో నైట్రస్ వదిలితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. చైన్, క్లచ్ ప్లేట్లు, వెనక టైరు కూడా ఆ ఊపును తట్టుకోవాలి కదా.

లైన్లలో నూనె, గ్రీజు ఉండకూడదన్న నియమం విసుగు పుట్టించవచ్చు. దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లు 2007 జులై 26న అమెరికాలోని మొహావీ ఎడారిలో జరిగింది తెలుసుకోవాలి. స్కేల్డ్ కాంపోజిట్స్ సంస్థ రాకెట్ కోసం నైట్రస్ ప్రవాహాన్ని పరీక్షిస్తోంది. ఇంజన్ లేదు, మంట లేదు. అయినా ట్యాంకు పేలి ముగ్గురు చనిపోయారు, ముగ్గురు గాయపడ్డారు. ఒత్తిడిలో ఉన్న నైట్రస్ తనలో తానే విడిపోయి వేడిని వెదజల్లగలదు. మురికి, నూనె తోడైతే ఆ ముప్పు పెరుగుతుంది.

చట్టం మాటకొస్తే దాపరికం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. గ్యాస్ సిలిండర్ల మీద కేంద్ర పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో నిబంధనలు వేరే ఉన్నాయి. రహదారి 44 మీద రాత్రిపూట లారీల మధ్య నైట్రస్ బటన్ నొక్కేవాణ్ని ఈ కాలమ్ సమర్థించదు. అదే రహదారి మీది తోప్పూరు ఘాట్‌లో మామూలు బళ్లతోనే ప్రాణాలు పోతున్నాయి. ఆశ ఉన్నవాళ్లకు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. జాతీయ మోటార్‌సైకిల్ డ్రాగ్ పోటీలు అక్కడ జరుగుతాయి. బెంగళూరు రైడర్ హేమంత్ ముద్దప్ప పలుమార్లు జాతీయ విజేత అయింది ఈ పోటీల్లోనే. ఏ తరగతిలో ఏ మార్పులు చెల్లుతాయో నిబంధనల పుస్తకం చదివాకే స్పానర్ పట్టుకోవాలి.

ఒకరు వాడి వదిలేసిన బాటిళ్లు కూడా చేతులు మారుతుంటాయి. అలాంటిది చేతికొస్తే ముందు చూడాల్సింది రంగు, స్టిక్కరు కాదు, భుజం మీద గుద్దిన పరీక్ష తేదీ. అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష జరగాలి. సొట్ట, తుప్పు, వెల్డింగ్ మచ్చ ఉంటే పక్కన పెట్టేయాలి. బాటిల్‌ను పూర్తిగా ఖాళీ చేయకుండా కొంచెం ఒత్తిడి మిగల్చాలి, తేమ లోపలికి పోకుండా. వాడనప్పుడు వాల్వు మూసి, లైన్లోది ఆరుబయట గ్లవుజులు వేసుకుని వదిలేసి, బాటిల్ విప్పి గాలి ఆడే నీడపట్టున పెట్టాలి. రేకుల షెడ్డులో పెట్టొద్దు, కారు డిక్కీలో అసలే వద్దు.