నన్నారిలో నిలవవలసిన చేదు

భోజనానికి ముందు ఆకలి పుట్టించడానికి ఐరోపాలో తాగే పానీయాన్ని అపెరిటిఫ్ అంటారు. బ్రాందీలో చేదు మూలికల సారాన్నీ తీపినీ కలిపి చేసే ఆ తరహా కాక్‌టెయిళ్లలో తీపి చేదును మింగించేందుకే తప్ప కప్పిపుచ్చేందుకు కాదు. కర్నూలు, కడప ప్రాంతాల నన్నారి షర్బత్తులో మద్యం లేకపోయినా ఆ తూకమే ప్రాణం. సీమ ఎండల్లో దాన్ని దాహం కోసమే తాగుతున్నా, సారివా అనే పేరుతో ఆయుర్వేదం నన్నారి వేరును అరుచికీ, మందగించిన ఆకలికీ మందుగా చెప్పింది.

షర్బత్తుకు సుగంధిపాల అనే సన్నని తీగ వేళ్లను గానీ, కొండల్లో రాళ్ల సందుల పెరిగే మారెడు కొమ్ములనే లావుపాటి గడ్డలను గానీ వాడతారు. రెండింటి పరిమళానికీ మూలమైన పదార్థంలో వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌లోని పరమాణువులే అంతే సంఖ్యలో ఉంటాయి, అమరిక మాత్రమే వేరు. అది ఆవిరితో పాటు ఎగిరిపోయే గుణం కలది కనుక వేళ్లను కడిగి, దంచి, లోపలి ఈనె తీసేసి, బెరడును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, మూతపెట్టి సన్నని సెగ మీద కాచి, వడగట్టిన తరువాతే చక్కెర కలపడం మేలు. మూత లేకుండా తెర్లించిన పాకంలో రంగూ తీపీ మిగులుతాయి గానీ నన్నారి మిగలదు.

వడ్డనలోనూ క్రమం ఉంది. గ్లాసులో రెండు పెద్ద చెంచాల పాకం పోసి, అరచెక్క నిమ్మరసం పిండి, ముందే నానిన సబ్జా గింజలు వేసి, చివరన చల్లని సోడాను గ్లాసు అంచు వెంట పోయాలి. సోడా పోశాక గిలకొడితే పొంగంతా పోతుంది. పాకం ఎక్కువైతే నాలుక చివర తగలవలసిన సన్నని చేదు, వగరు అణగిపోతాయి. ఆ చేదు ఏ కాస్తా తగలని షర్బత్తును, అది ఎంత కమ్మగా ఉన్నా, నన్నారి అనడం తగదు.

ఎసెన్సుతో, రంగుతో చేసిన పాకాల్లో కొరవడేది ఇదే. నిజమైన వేరు దొరకడమూ కష్టమవుతున్నది. గడ్డ మొత్తాన్ని పెకలిస్తే తీగ చస్తుంది గనుక, కొంత వేరును మట్టిలో వదిలి గుంత పూడ్చే ఓపికకు కూడా షర్బత్తు ధరలో చోటుండాలి.